పాత కారు బ్యాటరీ మాటిమాటికీ ఎందుకు దిగిపోతోంది? ఛార్జింగ్ సమస్యలపై తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో 1998 నాటి కార్బ్యురేటర్ మారుతి 800 ఉంది. పద్నాలుగు నెలల్లో దానికి రెండు కొత్త బ్యాటరీలు వేయించాను. రెండూ మంచి బ్యాటరీలే. చివరికి ఒక పెద్దవయసు ఆటో ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి, ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ తీగను (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి చేరే దారి) ఐదు నిమిషాల్లో చూపించారు. దాని చివర బోల్టు కింద తుప్పు పట్టి, పచ్చటి పొడి పేరుకుపోయి ఉంది. ఉప్పుకాగితంతో రుద్ది బిగించాక మూడో బ్యాటరీ అవసరం రాలేదు.

అప్పటి నుంచి పాత కార్లున్న బంధువులు, స్నేహితులు ఫోను చేసి అడిగే సందేహాలన్నీ ఇంచుమించు ఇవే. అందుకే ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. అంకెలన్నీ 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీ ఉన్న పాత పెట్రోలు కార్లకు వర్తిస్తాయి.

## మొదట తెలుసుకోవలసినవి

బండి నడుస్తున్నప్పుడు కరెంటు బ్యాటరీ ఇస్తుందా, ఆల్టర్నేటర్ ఇస్తుందా?

ఇంజిన్ అంటుకునే వరకు బ్యాటరీ, ఆ తర్వాత ఆల్టర్నేటర్. ఇంజిన్ బెల్టు ద్వారా ఆల్టర్నేటర్‌ను తిప్పుతుంది. లోపల పుట్టే ఏసీ కరెంటును డయోడ్లు డీసీగా మారుస్తాయి. వోల్టేజి 14 దాటి మరీ పైకి పోకుండా రెగ్యులేటర్ ఆపుతుంది. లైట్లు, హారను, ఇగ్నిషన్ వాడుకోగా మిగిలింది బ్యాటరీలోకి వెళుతుంది. ఆల్టర్నేటర్ సరిగా ఇవ్వకపోతే బండి బ్యాటరీని తింటూ కొంతసేపు మామూలుగానే నడుస్తుంది. అందుకే లోపం ఈ రోజు పుట్టినా, బండి ఆగేది రేపో ఎల్లుండో.

మా మెకానిక్ డైనమో అంటారు, బ్యాటరీ షాపులో ఆల్టర్నేటర్ అంటారు. రెండూ ఒకటేనా?

షెడ్లలో ఆల్టర్నేటర్‌నే డైనమో అనడం అలవాటు, రెగ్యులేటర్‌ను కటౌట్ అనడం కూడా. మాట ఒకటే అయినా వస్తువులు వేరు. అసలు డైనమో బాగా పాత అంబాసిడర్ల వంటి బండ్లలో ఉండేది. దానికి విడిగా ఒక పెట్టెలో రెగ్యులేటర్, అసలైన కటౌట్ (బ్యాటరీ కరెంటు డైనమోలోకి వెనక్కి పోకుండా తెంపే స్విచ్చి) ఉంటాయి. ఐడిల్‌లో దాని నుంచి దాదాపు ఏమీ రాదు. కాబట్టి డైనమో బండి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు డ్యాష్‌బోర్డు మీది ఎర్ర బ్యాటరీ లైటు మినుకుమనడం లోపం కాదు. ఆల్టర్నేటర్ ఐడిల్‌లో కూడా కొంత ఇస్తుంది. మారుతి 800లో ఉన్నది ఆల్టర్నేటరే, రెగ్యులేటర్ దాని వీపుకే అతికి ఉంటుంది. మీ బండిలో ఏది ఉందో తెలుసుకున్నాకే కొలతలు మొదలుపెట్టండి.

ఇంట్లో పరీక్షించడానికి ఏ పనిముట్లు కావాలి?

ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, 10, 12 నంబరు పానాలు, ఉప్పుకాగితం, వంటసోడా, టార్చిలైటు. టెస్టర్ బల్బు ఉంటే ఇంకా మంచిది. పాత 12 వోల్టుల బల్బుకు రెండు తీగలు కడితే అదే టెస్టర్. పని మొదలుపెట్టే ముందు ఉంగరాలు, లోహపు గడియారం తీసేయండి. కండువా, చున్నీ బెల్టు దగ్గరికి రాకూడదు. బ్యాటరీ విప్పాల్సి వస్తే ముందు మైనస్ తీయాలి, బిగించేటప్పుడు మైనస్ చివర. ప్లస్ విప్పుతుండగా పానా బాడీకి తగిలినా అప్పుడు నిప్పు రాలదు.

## పొద్దున్నే బండి లేవకపోతే

తాళం తిప్పితే టక్‌మని ఒక్క శబ్దం వచ్చి ఊరుకుంటోంది. బ్యాటరీ పోయినట్టేనా?

అప్పుడే తేల్చకండి. హెడ్‌లైట్లు వేసి, ఎవరినైనా బండి ముందు నిలబెట్టి సెల్ఫ్ కొట్టండి. లైట్లు పూర్తిగా చచ్చిపోతే బ్యాటరీలో ఛార్జి లేదు, లేదా టెర్మినల్ వదులుగా ఉంది. లైట్లు చెక్కుచెదరకుండా వెలుగుతూనే ఉంటే బ్యాటరీలో శక్తి ఉంది, అది సెల్ఫ్ మోటారుకు చేరడం లేదు. అప్పుడు సోలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్చి), మోటారు బ్రష్షులు (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు), దానికి వెళ్లే తీగలు చూడాలి. బ్యాటరీ టెర్మినల్‌ను చేత్తో పట్టుకుని మెలితిప్పి చూడండి. కదిలితే జబ్బు అక్కడే. ఈ ఒక్క పని చేయకుండా బ్యాటరీ కొన్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

బ్యాటరీ పాడైందా, ఛార్జింగ్ రావడం లేదా? తేడా ఎలా కనిపెట్టాలి?

బ్యాటరీని బయట ఛార్జరు మీద పూర్తిగా ఛార్జి చేయించండి. 35 ఆంపియర్-గంటల (బ్యాటరీ మీద రాసి ఉండే సామర్థ్యం) బ్యాటరీకి 3 నుంచి 3.5 ఆంపియర్లతో పది పన్నెండు గంటలు పడుతుంది. తర్వాత తీగలు కలపకుండా ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి మీటరు 12.6 చూపిస్తే బ్యాటరీ ఛార్జిని పట్టి ఉంచుతోంది. దానంతటదే 12.2 కిందికి జారితే లోపం బ్యాటరీలోనే ఉంది.

నిలిచి ఉన్న వోల్టేజి బాగున్నంత మాత్రాన సరిపోదు. బండికి బిగించి సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా కొలవండి. అప్పుడు 9.6 వోల్టుల కంటే కిందికి పడకూడదు. 12.6 నుంచి ఒక్కసారిగా 7కో 8కో పడితే లోపల ఒక సెల్లు పోయిందని అర్థం. ఈ రెండు పరీక్షల్లోనూ బ్యాటరీ నెగ్గి, మళ్లీ నాలుగు రోజుల్లో దిగిపోతే అప్పుడు ఛార్జింగ్ వైపు, లీకేజీ వైపు వెతకాలి.

తోసి స్టార్ట్ చేయవచ్చా?

కార్బ్యురేటర్ బండి అయితే చేయవచ్చు, బ్యాటరీలో ఎంతో కొంత ప్రాణం ఉంటే. తాళం ఆన్ చేసి, రెండో గేరులో క్లచ్ తొక్కి ఉంచి, బండి వేగం అందుకున్నాక వదలాలి. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు కూడా వెలగనంతగా బ్యాటరీ చచ్చిపోతే ఎంత తోసినా లాభం లేదు. ఇగ్నిషన్ కాయిల్‌కు కరెంటు ఉండదు, ఆల్టర్నేటర్ మేల్కోవడానికి కావలసిన కొద్దిపాటి కరెంటూ ఉండదు. ఎంపీఎఫ్ఐ బండిలో (కార్బ్యురేటర్ బదులు కంప్యూటర్ అదుపులో పెట్రోలు చిమ్మే రకం) పెట్రోలు పంపుకు, కంప్యూటర్‌కు కూడా వోల్టేజి కావాలి కాబట్టి తోపుడు మీద ఆశ తక్కువ.

పక్క కారు బ్యాటరీ నుంచి కేబుళ్లు ఎలా తగిలించాలి?

చచ్చిన బ్యాటరీ ప్లస్, మంచి బ్యాటరీ ప్లస్, మంచి బ్యాటరీ మైనస్, చివరగా చచ్చిన బండి ఇంజిన్ మీద రంగు లేని ఇనుప భాగం. ఆ చివరి కొనను బ్యాటరీ మైనస్‌కు తగిలించవద్దు. అక్కడ నిప్పురవ్వ రాలుతుంది, బ్యాటరీ పైన హైడ్రోజన్ వాయువు ఉండవచ్చు. తీసేటప్పుడు ఇదే వరుస వెనక నుంచి. ప్లస్ మైనస్ తారుమారైతే ఆల్టర్నేటర్ డయోడ్లు ఆ క్షణంలోనే పోతాయి. రంగు చూసి నమ్మకండి. పాత బండ్లలో నల్ల తీగకు ఎర్ర టేపు చుట్టినవి, ఎర్ర తీగను మైనస్‌కు వాడినవి కనిపిస్తాయి. బ్యాటరీ మీద అచ్చువేసిన గుర్తు చూసి కలపండి.

## దారిలో ఎర్ర లైటు వెలిగితే

బ్యాటరీ లైటు వెలిగింది, ఇల్లు ఇంకా 40 కిలోమీటర్లు ఉంది. వెళ్లవచ్చా?

ముందు బండి పక్కకు ఆపి బానెట్ ఎత్తండి. బెల్టు తెగిందా చూడండి. చాలా పాత కార్లలో ఆ బెల్టే నీళ్ల పంపును కూడా తిప్పుతుంది. తెగిపోతే రెండు మూడు కిలోమీటర్లు కూడా నడపవద్దు, ఇంజిన్ కాగిపోయి హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఆ ఖర్చు ముందు ఆల్టర్నేటర్ ఖర్చు లెక్కలోకే రాదు.

బెల్టు ఉండి, తిరుగుతూ ఉంటే లెక్క వేసుకోవచ్చు. పగలు కార్బ్యురేటర్ బండికి ఇగ్నిషన్ 3, 4 ఆంపియర్లు తీసుకుంటుంది. 35 ఆంపియర్-గంటల బ్యాటరీలో సగమే ఉపయోగపడుతుందనుకున్నా మూడు నాలుగు గంటలు వస్తుంది. రాత్రి సంగతి వేరు. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండు కలిపి 9 ఆంపియర్లు, వెనక లైట్లు, మీటరు బల్బులు కలిస్తే మొత్తం 15 దాకా అవుతుంది. గంట దాటదు. ఫ్యాను, ఏసీ, పాటలు అన్నీ ఆపేయండి. ఇంజిన్ ఆపకండి, మళ్లీ సెల్ఫ్ కొట్టాల్సిన అవసరం రానివ్వకండి.

తాళం తిప్పినప్పుడు ఎర్ర లైటు అసలు వెలగడమే లేదు. అంటే అంతా బాగున్నట్టేనా?

తిరగబడి అర్థం చేసుకోవాలి. తాళం ఆన్ చేసి ఇంజిన్ ఇంకా అంటుకోకముందు ఆ లైటు వెలిగి తీరాలి. ఆ బల్బు గుండా వెళ్లే కరెంటే చాలా ఆల్టర్నేటర్లలో రోటర్‌కు (లోపల తిరిగే భాగం) మొదటి అయస్కాంత శక్తి ఇస్తుంది. బల్బు మాడిపోతే ఆల్టర్నేటర్ మేల్కోదు. కొన్ని బండ్లలో ఇంజిన్‌ను గట్టిగా రేజ్ చేశాక గానీ ఛార్జింగ్ మొదలుకాదు. చిన్న బల్బు వల్ల మొత్తం ఆల్టర్నేటర్ మార్చినవాళ్లున్నారు.

పరీక్ష సులువు. ఆల్టర్నేటర్ వెనక ప్లగ్గు విప్పి, ఎల్ అని గుర్తున్న చోటికి వచ్చే తీగను తాళం ఆన్‌లో ఉండగా బాడీకి తాకించండి. లైటు వెలిగితే బల్బు, తీగ బాగున్నాయి, లోపం ఆల్టర్నేటర్ బ్రష్షుల్లోనో రెగ్యులేటర్‌లోనో ఉంది. వెలగకపోతే ఫ్యూజు, బల్బు, తీగ వరుసగా చూడండి. పక్కనే లావుగా ఉన్న బి తీగను మాత్రం పొరపాటున కూడా బాడీకి తాకించవద్దు, అది నేరుగా బ్యాటరీ ప్లస్‌కు కలిసి ఉంటుంది.

లైటు ఆరిపోకుండా సన్నగా, నిప్పుకణికలా వెలుగుతూనే ఉంది. ఏమిటి అర్థం?

ఆ బల్బుకు ఒక వైపు బ్యాటరీ వోల్టేజి, రెండో వైపు ఆల్టర్నేటర్ వోల్టేజి ఉంటాయి. రెండూ సమానమైతేనే బల్బు ఆరుతుంది. సన్నగా వెలుగుతోందంటే వాటి మధ్య వోల్టో, వోల్టున్నరో తేడా ఉంది. ఒక డయోడు పోయి ఉండవచ్చు, బి తీగ కొన మాడి ఉండవచ్చు, ఇగ్నిషన్ స్విచ్చి అరిగి ఉండవచ్చు. పగలు కనిపించదు, రాత్రి మీటరు లైట్లు ఆపి చూస్తే తెలుస్తుంది. తాళం బయటికి తీశాక కూడా సన్నగా వెలుగుతుంటే డయోడు షార్ట్ అయిందని దాదాపు ఖాయం. ఆ రాత్రికి బ్యాటరీ మైనస్ తీసి పడుకోండి.

సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి, కదిలితే వెలుగుతున్నాయి.

ఐడిల్‌లో ఆల్టర్నేటర్ పూర్తి శక్తి ఇవ్వలేదు కాబట్టి పాత బండిలో కొద్దిగా మసకబారడం సహజం. చూసి గుర్తుపట్టగలిగేంతగా పచ్చబడితే, లేదా వైపర్ నెమ్మదించి సగంలో తడబడితే లోపముంది. ఐడిల్ మరీ తక్కువగా పెట్టారేమో ముందు చూడండి. తర్వాత బెల్టు బిగువు, ఆ తర్వాత బ్రష్షులు. కంపెనీ ఇచ్చిన 55/60 వాట్ల బల్బులు తీసి 90/100 వాట్లవి వేసి ఉంటే తప్పు ఆ బల్బులదే. పాత స్విచ్చి, పాత తీగలు ఆ బరువు మోయలేవు.

## మీటరుతో కొలిచేటప్పుడు

మీటరులో ఎంత రావాలి? ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతున్నారు.

ఒక్కొక్కరు ఒక్కో సమయంలో కొలుస్తారు, అందుకే అంకెలు కలవవు. మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, బ్యాటరీ సీసపు కొమ్ముల మీదే తాకించండి, పైనున్న క్లాంపు మీద వద్దు.

ఇంజిన్ ఆపి కొన్ని గంటలైన తర్వాత 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 ముప్పావు, 12.2 సగం, 12.0 పావు. 11.8 వస్తే ఖాళీ. ఇంజిన్ అప్పుడే ఆపి కొలిస్తే పైపై ఛార్జి వల్ల 13 దాకా చూపిస్తుంది, దాన్ని నమ్మవద్దు. ఇంజిన్ కొంచెం రేజ్‌లో, 2000 ఆర్‌పీఎం దగ్గర, 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. ఆ రేజ్‌లోనే హెడ్‌లైట్లు, బ్లోయరు వేసినా 13.5 తగ్గకూడదు. చల్లటి ఇంజిన్ మీద 14.4 చూపించి, అరగంట ఎండలో తిరిగొచ్చాక 13.9 చూపిస్తే గాభరా వద్దు. వేడెక్కినకొద్దీ వోల్టేజి తగ్గించేలా చాలా రెగ్యులేటర్లను తయారుచేస్తారు.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి చూడమన్నారు. బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్టట కదా?

దయచేసి చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. బ్యాటరీ ఒక పెద్ద కుషన్ లాంటిది. నడుస్తుండగా దాన్ని తప్పిస్తే ఆల్టర్నేటర్ వోల్టేజి ఒక్కసారిగా పదుల వోల్టులకు ఎగురుతుంది. ఆ దెబ్బకు డయోడ్లు, రెగ్యులేటర్, స్టీరియో, ఎంపీఎఫ్ఐ బండి అయితే దాని కంప్యూటర్ పోవచ్చు. పోకపోయినా ఆ పరీక్ష చెప్పేది ఏమీ లేదు. సగం శక్తే ఇస్తున్న ఆల్టర్నేటర్ మీద కూడా బండి ఐడిల్‌లో నడుస్తుంది. ఇది డైనమోల కాలం నాటి అలవాటు, ఇప్పటికీ చాలా షెడ్లలో బతికే ఉంది. మీ కళ్ల ముందు ఎవరైనా అందుకు చెయ్యి పెడితే మర్యాదగా ఆపి మీటరు చేతికివ్వండి. బ్యాటరీ రెండు కొమ్ములను ఇనుప కడ్డీతో కలిపి నిప్పు చూడటం కూడా ఇలాంటిదే, ఇంకా ప్రమాదకరం.

ఆల్టర్నేటర్ దగ్గర 14.3 వస్తోంది, బ్యాటరీ దగ్గర 13.4 మాత్రమే. మిగతాది ఎక్కడ పోతోంది?

తీగల్లో, కొనల్లో వేడిగా పోతోంది. ఆల్టర్నేటర్ మంచిదే, దాన్ని విప్పకండి. ఇంజిన్ రేజ్‌లో, హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి రెండు కొలతలు తీసుకోండి. మొదటిది, మీటరు ఒక కొన ఆల్టర్నేటర్ బి బోల్టు మీద, మరొకటి బ్యాటరీ ప్లస్ మీద. 0.3 వోల్టుకు లోపు రావాలి. రెండోది, ఒక కొన ఆల్టర్నేటర్ శరీరం మీద, మరొకటి బ్యాటరీ మైనస్ మీద. 0.2కు లోపు రావాలి.

ఏ కొలత ఎక్కువ వస్తే లోపం ఆ దారిలో ఉంది. ఆ దారిలో ఒక్కొక్క అతుకు దగ్గరికి కొనను జరుపుతూ వెళ్లండి. ఏ అతుకు దాటగానే అంకె పడిపోతుందో అదే దొంగ. ప్లస్ వైపు చూడవలసినవి బి బోల్టు, ఫ్యూజిబుల్ లింకు (ఫ్యూజులా పనిచేసే తీగ ముక్క), బ్యాటరీ క్లాంపు. మైనస్ వైపు ఎర్త్ తీగ రెండు చివరలు. నా బండిలో రెండో కొలత 0.8 వచ్చింది. ఆల్టర్నేటర్ 14.2 ఇస్తున్నా బ్యాటరీకి 13.4 కూడా సరిగా చేరలేదు. ఏడాది పొడవునా సగం కడుపుతో ఉన్న బ్యాటరీ పలకలు గట్టిపడి పోయాయి. నేను వారంటీ కోసం షాపు చుట్టూ తిరిగింది అందుకే.

ఎర్త్ బాగాలేదని మీటరు లేకుండా తెలుసుకునే గుర్తులున్నాయా?

ఉన్నాయి. ఇండికేటర్ వేస్తే హెడ్‌లైటు కూడా దానితోపాటు కొట్టుకుంటుంది. హారను కొడితే డ్యాష్‌బోర్డు బల్బులు వెలుగుతాయి. అన్నిటికంటే గట్టి గుర్తు ఒకటుంది. రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టాక యాక్సిలరేటర్ కేబులు గానీ చోక్ కేబులు గానీ ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. ఇంజిన్‌కు ఎర్త్ తీగ అందనప్పుడు సెల్ఫ్ మోటారు కరెంటు ఆ సన్నటి కేబుళ్ల గుండా దారి వెతుక్కుంటుంది.

మీటరులో 15 దాటుతోంది. ఎక్కువ వస్తే మంచిదే కదా?

బ్యాటరీని ఉడకబెడుతున్నట్టు. 14.8 దాటి నిలకడగా ఉంటే రెగ్యులేటర్ అదుపు తప్పింది. డిస్టిల్డ్ వాటర్ వారానికోసారి తగ్గిపోవడం, బానెట్ ఎత్తగానే కుళ్లిన గుడ్డు వాసన, బల్బులు తరచుగా మాడటం, బ్యాటరీ పక్కలు ఉబ్బడం దాని గుర్తులు. ఈ స్థితిలో దూరప్రయాణం పెట్టుకోవద్దు. తప్పనిసరైతే హెడ్‌లైట్లు వేసుకుని నడిపితే వోల్టేజి కొంత దిగుతుంది. రెగ్యులేటర్ విడిగా బిగించిన పాత బండి అయితే కొత్తది కొనేముందు దాని శరీరానికి ఎర్త్ సరిగా ఉందో చూడండి.

వోల్టేజి సరిగ్గానే ఉంది, కానీ రేడియోలో జుయ్‌మని రొద వస్తోంది. ఇంజిన్ వేగంతో అదీ పెరుగుతోంది.

డయోడు పోయినట్టుంది. మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద కొలవండి. బాగున్న ఆల్టర్నేటర్‌లో ఇది 0.1 దాటడం అరుదు, 0.5 వస్తే లోపం తేలినట్టే. మరో గుర్తు చేత్తోనే తెలుస్తుంది. రాత్రంతా నిలిపిన బండి ఆల్టర్నేటర్‌ను తెల్లవారుజామున ముట్టుకోండి. ఇంజిన్ చల్లగా ఉండి అది ఒక్కటే గోరువెచ్చగా ఉంటే, బ్యాటరీ రాత్రంతా ఆ డయోడు గుండా కారిపోయింది.

## నిలిపి ఉంచిన బండి

రెండు రోజులు బయటికి తీయకపోతే చాలు, బ్యాటరీ ఖాళీ. నడిపితే అంతా బాగుంటోంది.

ఏదో ఒకటి ఆగిన బండిలో కూడా కరెంటు తాగుతోంది. డిక్కీ లైటు, గ్లవ్ బాక్సు లైటు, తరువాత పెట్టించిన స్టీరియో, అలారం, ఎలుకలు కొరికిన తీగ ముందుగా అనుమానించాలి. స్టీరియో జ్ఞాపకానికి, గడియారానికి కలిపి 20, 30 మిల్లీ ఆంపియర్లు మామూలు. 50 దాటితే వెతకాలి. అర ఆంపియరు లీకైతే 35 ఆంపియర్-గంటల బ్యాటరీ 70 గంటల్లో, అంటే మూడు రోజుల్లోపు, పూర్తిగా ఖాళీ.

కొలిచే తీరు ఇది. తాళం తీసి, తలుపులన్నీ మూసి, బ్యాటరీ మైనస్ తీగ విప్పండి. మీటరును 10 ఆంపియర్ల దగ్గర పెట్టి, ఎర్ర కొనను ఆ రంధ్రంలోకి మార్చి, విప్పిన తీగకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కలపండి. అంకె ఎక్కువగా ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీయండి. ఏది తీయగానే పడిపోతుందో ఆ దారిలో లీకేజీ ఉంది. అన్ని ఫ్యూజులు తీసినా తగ్గకపోతే ఆల్టర్నేటర్ డయోడ్లను అనుమానించండి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టినా, హెడ్‌లైట్లు వేసినా మీటరు ఫ్యూజు పోతుంది.

మేము అమెరికాలో ఉంటాం. ఊళ్లో నాన్నగారి కారు వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపుతున్నారు. అయినా బ్యాటరీ పోతోంది, ఎందుకు?

ఐదు నిమిషాల ఐడిల్ వల్ల వారమంతా కారిపోయిన ఛార్జి తిరిగి రాదు. పైగా చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు నూనెలో కలుస్తుంది, సైలెన్సర్‌లో తేమ చేరుతుంది. నడిపే మనిషి ఉంటే పది రోజులకోసారి అరగంట రోడ్డు మీద తిప్పమనండి. లేకపోతే బ్యాటరీ మైనస్ తీసి ఉంచమని చెప్పండి, నెలకోసారి బయట ఛార్జి చేయిస్తే సరిపోతుంది. నాన్నగారికి పానాతో పని కష్టమైతే, మైనస్ దగ్గర చేత్తో తిప్పి కలిపే చిన్న మర పెట్టించండి. ఆయనకు నడుము వంచే పని తగ్గుతుంది.

రోజూ కూరగాయల బజారు దాకా రెండు కిలోమీటర్లే. సెల్ఫ్ కొట్టడానికే ఛార్జి అయిపోతుందా?

సెల్ఫ్ తినేది మనం అనుకున్నంత కాదు. 150 ఆంపియర్లు మూడు సెకన్లు తీసుకున్నా మొత్తం 0.125 ఆంపియర్-గంటలు. ఆల్టర్నేటర్ మిగులు 10 ఆంపియర్లు ఇస్తే ముప్పావు నిమిషంలో అది తిరిగి వచ్చేస్తుంది. ఇంజిన్ ఒక్క తిప్పులో అంటుకోని బండిది వేరే లెక్క. ఐదారుసార్లు, ఒక్కోసారి పది సెకన్లు తిప్పితే నష్టం ఇరవై రెట్లు. కాబట్టి చోక్, ప్లగ్గులు, కార్బ్యురేటర్ సరిచేయించడం కూడా బ్యాటరీకి చేసే మేలే. వారానికోసారి అరగంట ఏకబిగిన నడపండి.

## బెల్టు, ఆల్టర్నేటర్ మరమ్మతు

పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమని అరుస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. బెల్టు మార్చాలా?

స్టార్ట్ అవగానే ఆల్టర్నేటర్ మీద బరువు ఎక్కువ, బెల్టు జారుతుంది. రెండు పుల్లీల మధ్య పొడవైన చోట బొటనవేలితో గట్టిగా నొక్కితే 8 నుంచి 10 మిల్లీమీటర్లు దిగాలి. ఎక్కువ దిగితే బిగించండి. బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తుంటే బిగించినా జారుతుంది, మార్చడమే మంచిది. అరుపు పోవాలని మరీ బిగిస్తే ఆల్టర్నేటర్, నీళ్ల పంపు బేరింగులు పోతాయి. కొత్త బెల్టు సాగుతుంది, కొన్ని రోజుల తర్వాత మళ్లీ చూసుకోండి.

ఆల్టర్నేటర్ మొత్తం మార్చమంటున్నారు. బ్రష్షులు మారిస్తే సరిపోదా?

చాలాసార్లు సరిపోతుంది. కార్బన్ బ్రష్షులు అరిగి స్లిప్ రింగులకు (రోటర్ మీద బ్రష్షులు ఆనే లోహపు రింగులు) సరిగా అంటకపోవడం పాత ఆల్టర్నేటర్లలో సర్వసాధారణం. గుంతల రోడ్డు మీద లైటు వెలిగి ఆరుతూ ఉండటం, స్క్రూడ్రైవర్ పిడితో ఆల్టర్నేటర్‌ను మెల్లగా తడితే కాసేపు ఛార్జింగ్ రావడం దాని గుర్తులు. విప్పినప్పుడు బ్రష్షులతోపాటు రెండు బేరింగులు కూడా వేయించండి. అదే కూలిలో అయిపోతుంది. స్లిప్ రింగుల్లో లోతైన గాడి పడినా, కాయిల్ మాడిన వాసన వస్తున్నా మొత్తం మార్చడం మేలు. మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది, అయినా దాని విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. మార్చిన పాత భాగాలను మీ చేతికివ్వమని అడగండి. బ్రష్షు ఎంత అరిగిందో మీరే చూస్తారు.

మరమ్మతు చేయించి తెచ్చాను, అయినా బ్యాటరీ నిండడం లేదు.

పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని నింపే పని ఆల్టర్నేటర్‌కు పెట్టకూడదు. పాత ఆల్టర్నేటర్ గంటల తరబడి పూర్తి బరువు మీద తిరిగితే కాగి డయోడ్లు పోతాయి, కొత్తగా చేయించిన మరమ్మతు వృథా అవుతుంది. ముందు బయట ఛార్జి చేయించి ఆ తర్వాత బిగించండి. అప్పుడూ నిండకపోతే బి బోల్టు, ప్లగ్గు, ఎర్త్ తిరిగి గట్టిగా బిగించారో లేదో చూడండి.

## బ్యాటరీ సంరక్షణ

బ్యాటరీలో ఏసీ నీళ్లు పోయవచ్చా? యాసిడ్ పోస్తే బలం వస్తుందా?

రెండూ వద్దు. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు కాయిల్ మీది దుమ్ము, లోహపు తుప్పు కడుక్కుని వస్తాయి. బోరు నీళ్లు మరీ చేటు. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, పలకలు మునిగి పైన ఒక సెంటీమీటరు ఉండేలా పోయండి. బ్యాటరీ నుంచి ఆవిరయ్యేది నీళ్లే, యాసిడ్ లోపలే ఉంటుంది. దానికి మళ్లీ యాసిడ్ చేరిస్తే పలకలు తినేస్తుంది. ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి మూతలు తీసి చూడండి, ఆ సమయంలో దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు.

టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటోంది. గ్రీజు రాస్తే చాలా?

పొడి మీద గ్రీజు రాస్తే జబ్బు మీద దుప్పటి కప్పినట్టే. మైనస్, తర్వాత ప్లస్ విప్పి, వేడినీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి పోయండి. బుసబుస పొంగి పొడి కరుగుతుంది. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకుండా మూతలు గట్టిగా ఉండాలి. కొమ్ములను, క్లాంపు లోపలి వైపును ఉప్పుకాగితంతో సీసం మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన పల్చగా వాజలైన్ రాయండి.

పెద్ద ఆంపియర్-గంటల బ్యాటరీ వేస్తే ఆల్టర్నేటర్ పాడవుతుందా?

పాడవదు. బ్యాటరీ తనకు కావలసినంతే తీసుకుంటుంది. చూడవలసింది కొలతలు. ట్రేలో కూర్చోవాలి, బిగింపు పట్టీ పట్టాలి, బానెట్ మూసినప్పుడు ప్లస్ కొమ్ముకు తగలకూడదు. ఒకే కొలతలో కొమ్ములు కుడివైపువి, ఎడమవైపువి రెండు రకాలు ఉంటాయి. తప్పు రకం వేస్తే తీగలు సాగదీసి కట్టాల్సి వస్తుంది, కొన్నాళ్లకు కొన దగ్గర పురి విడిపోతుంది. కొనేముందు పాత బ్యాటరీని ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లి, ప్లస్ ఏ వైపు ఉందో షాపులో చూపించండి.